ప్రొఫెషనల్ రెజ్లర్ కావాలంటే ముందు పడటం నేర్చుకోవాలి

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగింది. జాన్ సీనా, సేథ్ రోలిన్స్ ఒక జట్టుగా రింగులోకి దిగారు. ఆ రాత్రి గొంతు బొంగురుపోయేదాకా అరిచి, ఇంటికెళ్లాక "నేను కూడా రెజ్లర్‌నైతే?" అనుకున్నవాళ్లలో మీరూ ఉండొచ్చు. లేదా చిన్నప్పటి నుంచి టీవీలో చూస్తూ పెరిగి, ఉద్యోగంలో చేరినా ఆ ఆలోచన వదలనివాళ్లు కావచ్చు. దారి ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, దేనికి ఎంత సమయం ఇవ్వాలి, ఎక్కడ డబ్బూ ఒళ్లూ పోగొట్టుకునే ప్రమాదం ఉంది, వరసగా చెబుతాను.

ముందు ఇది ఏ పనో తెలుసుకోండి

కుస్తీ వేరు, ప్రొఫెషనల్ రెజ్లింగ్ వేరు. ఒలింపిక్స్‌లో చూసే కుస్తీలో బరువు తరగతులు, పాయింట్లు ఉంటాయి. ఎవరు గెలుస్తారో ముందు ఎవరికీ తెలీదు. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయి. రింగులో ఇద్దరూ కలిసి జనానికి ఒక పోరాటం కథగా చూపిస్తారు. "అంతా ఉత్తదే కదా" అని మీ బాబాయో, ఆఫీసులో పక్క సీటాయనో తప్పకుండా అంటారు. ఫలితం ముందే అనుకున్నదే, నిజమే. కానీ 100 కిలోల మనిషి ఎత్తి వేసినప్పుడు వీపుకి తగిలేవి నిజమైన చెక్కలే. ఈ వాదనలో దిగితే తెల్లారిపోతుంది, నవ్వి ఊరుకోండి.

పతకాలు, పోలీసు శాఖలోనో రైల్వేలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీ లక్ష్యమైతే కుస్తీ కోచ్ దగ్గరికి వెళ్లండి. కుస్తీ వచ్చినవాళ్లకి ఇక్కడా గౌరవం ఉంది. కర్ట్ యాంగిల్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాకే ఈ వృత్తిలోకి వచ్చాడు. అయినా అది తప్పనిసరి అర్హత కాదు. ఎత్తూ అంతే. రే మిస్టీరియో 5 అడుగుల 6 అంగుళాల మనిషి, 2006లో వరల్డ్ హెవీవెయిట్ టైటిల్ గెలిపించారు అతని చేత. బలాన్ని టికెట్ పెట్టి చూపించడం మనకేం కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కస్ కంపెనీ నడిపి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకుని, ఒంటికి చుట్టిన గొలుసులు తెంచి జనాన్ని కట్టిపడేశాడు. ఒక రకంగా ఆయన ఈ వృత్తికి మన ముందుతరం మనిషే.

మొదటి ఆరు నెలలు సొంతూళ్లోనే

ఇప్పుడే రైలెక్కకండి. మొదటి పని డాక్టర్ దగ్గర. బీపీ, గుండె, వెన్ను, మోకాళ్లు చూపించుకోండి. గతంలో ఎప్పుడైనా తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పిందా, ఫిట్స్ వచ్చాయా, ఉన్నదున్నట్టు చెప్పండి. ఇక్కడ దాచిపెడితే నష్టం మీకే. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించుకోండి. పెద్ద కంపెనీలు ఎలాగూ అడుగుతాయి.

తర్వాత ఒళ్లు. జిమ్‌కి వెళ్లి చేతులు, ఛాతీ పెంచడం మీదే పడతారు చాలామంది. అద్దంలో బాగుంటుంది గానీ రింగులో మూడో నిమిషానికి ఊపిరి అందదు. మీకు కావాల్సింది కాళ్లు, నడుము, మెడ, ఊపిరి. దీనికి మన పాత తాలింఖానాల్లో తీసే బస్కీలు, దండీలు ఇప్పటికీ సరిపోతాయి. ఇది ఊరి అభిమానంతో అంటున్న మాట కాదు. అమెరికాలో, యూరప్‌లో కుస్తీ పట్టిన కార్ల్ గాచ్ ఈ కసరత్తుల్ని జపాన్ కుర్రాళ్లకి నేర్పాడు. 1972లో మొదలైన న్యూ జపాన్ అనే రెజ్లింగ్ సంస్థ డోజోలో, అంటే శిక్షణశాలలో, కొత్తవాళ్లు ఈనాటికీ వీటిని వందల లెక్కన తీస్తారు, అక్కడ బస్కీల పేరే హిందూ స్క్వాట్. మీరు మాత్రం వందలతో మొదలుపెట్టకండి. 20 చొప్పున మూడు విడతలు తీసి, మోకాళ్లు నొప్పి చేయకపోతే వారానికి కొన్ని పెంచుకుంటూ పోండి.

మెడకి మొదట్లో బరువులు అక్కర్లేదు. అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా చేతికి ఎదురు నెట్టండి, పది సెకన్లు. అలాగే వెనక, రెండు పక్కలా. మెడ మీద బరువు మోపే బ్రిడ్జి మాత్రం తెలిసినవాళ్లు పక్కన లేకుండా చేయొద్దు. ఊపిరి కోసం మెల్లగా గంటసేపు పరుగెత్తడం కన్నా, అర నిమిషం గట్టిగా పరిగెత్తి అర నిమిషం నడవడం మేలు. మ్యాచ్ జరిగేది అచ్చం అలాగే, ఒక్కసారిగా ఉరికి మళ్లీ నెమ్మదిస్తారు.

ఈ ఆరు నెలల్లో వీలైతే ఒక జూడో క్లబ్బులో చేరండి. మీ జిల్లా స్టేడియంలో కనుక్కోండి. జూడోలో మొదటి పాఠమే పడటం, తల నేలకి తగలకుండా గడ్డం ఛాతీకి ఆనించి. రెజ్లింగ్‌లో పడే తీరు కొంచెం వేరే అయినా ఆ అలవాటు ఒంట్లో నాటుకుంటే సగం భయం పోతుంది. జిమ్నాస్టిక్స్ దొరికితే అదీ మంచిదే.

ఇంట్లో పరుపు వేసుకుని, స్నేహితుణ్ణి ఎత్తి పడేసి, రీలు తీసి పెట్టడం మాత్రం వద్దు. టీవీలో కనిపించే ప్రతి పట్టు వెనకా ఇద్దరి సాధన ఉంటుంది. పరుపు మెత్తగా ఉంటుంది కాబట్టి సురక్షితం అనిపిస్తుంది, నిజానికి మెత్తటి పరుపులో తల దిగబడి మెడ మడత పడుతుంది.

బరువు పెరగాలని జిమ్ సప్లిమెంట్ షాపులో ఎవరో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లకి చేయి చాపకండి. ఎడ్డీ గెరెరో అనే పేరున్న రెజ్లర్ 2005లో 38 ఏళ్లకే గుండె జబ్బుతో చనిపోయాక, 2006 నుంచి డబ్ల్యూడబ్ల్యూఈ తన రెజ్లర్లకి మందుల పరీక్షలు పెట్టింది. గుడ్లు, పప్పు, చికెన్, పాలు, రాగి సంకటి, కంటినిండా నిద్ర. మొదటి ఏడాదికి ఇవి చాలు.

స్కూలు ఎంచుకోవడం

మన దేశంలో ఎక్కువగా వినిపించే పేరు జలంధర్‌లోని సీడబ్ల్యూఈ అనే రెజ్లింగ్ స్కూలు. ది గ్రేట్ ఖలీగా తెలిసిన దలీప్ సింగ్ రాణా 2015లో పెట్టిన సంస్థ అది. ఆయన పంజాబ్ పోలీసు ఉద్యోగం చేస్తూ, 2000లో కాలిఫోర్నియా వెళ్లి శిక్షణ తీసుకుని, 2007లో డబ్ల్యూడబ్ల్యూఈలో వరల్డ్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. హరియాణా నుంచి వచ్చిన కవితా దేవి ఖలీ దగ్గరే నేర్చుకుని, 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ రింగులో పోటీ చేసిన తొలి భారతీయ మహిళ అయింది. అంతకుముందు ఆమె వెయిట్‌లిఫ్టర్.

హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి, అక్కడి నుంచి జలంధర్‌కి రైలు మారొచ్చు. హిందీ రాకపోతే ముందే కొంచెం నేర్చుకోండి. "గడ్డం దించు" అని ట్రైనర్ అరిచినప్పుడు అర్థం చేసుకోవడానికి మీకు ఉండేది అర సెకను. చలికాలంలో వెళ్తే దుప్పట్లు ఎక్కువ పెట్టుకోండి, అన్నం మీద బెంగ పెట్టుకోకండి.

ఏ స్కూలైనా సరే, డబ్బు కట్టే ముందు రెండు మూడు రోజులు పక్కన కూర్చుని చూస్తానని అడగండి. ఒప్పుకోకపోతే అక్కడ చేరొద్దు. చూసేటప్పుడు ట్రైనర్ కండలు చూడకండి, కొత్తవాళ్లని చూడండి. మొదటి వారం కుర్రాళ్ల చేత దొర్లడం, పడటం చేయిస్తున్నారా, లేక నేరుగా ఎత్తిపడేస్తున్నారా? ఒకడు తప్పుగా పడితే ఆపి సరిదిద్దుతున్నారా, నవ్వుతున్నారా? రింగు చెక్కలు కుంగకుండా ఉన్నాయా, కాన్వాస్ తుడుస్తున్నారా? దగ్గరి ఆసుపత్రి ఏది, ఎవరు తీసుకెళ్తారు అంటే ఠక్కున జవాబు చెప్పగలుగుతున్నారా? నేర్పేవాళ్లు జనం ముందు మ్యాచ్‌లు ఆడినవాళ్లేనా అన్నది కూడా తప్పకుండా అడగండి.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, 2001లో కాలిఫోర్నియాలోని ఒక రెజ్లింగ్ స్కూల్లో శిక్షణ పొందుతున్న యువకుడు తలకి తగిలిన దెబ్బతో చనిపోయాడు. అంతకు ముందే అతనికి కంకషన్ అయింది, అంటే తలకి తగిలిన దెబ్బకి మెదడు అదిరింది, అయినా సాధన కొనసాగింది. కేసు కోర్టుకెళ్తే జ్యూరీ స్కూలుదే తప్పని తేల్చి, కుటుంబానికి పది లక్షల డాలర్లకి పైగా పరిహారం ఇవ్వమంది. దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, కళ్లు తిరగడం, వెలుతురు చూడలేకపోవడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకి ఆపేసి డాక్టర్‌ని కలవాలి, ఆయన సరే అనేదాకా రింగెక్కకూడదు. "ఏం కాదులే, మగాడివి కదా" అనే ట్రైనర్ ఎంత పేరున్నవాడైనా ఆ స్కూలు వదిలేయండి.

ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి, నెలనెలా కడతానని అడగండి. "ఆరు నెలల్లో డబ్ల్యూడబ్ల్యూఈలోకి పంపిస్తాం" అనేవాళ్లు అబద్ధమాడుతున్నట్టే లెక్క. అమ్మాయిలైతే ఇంకొన్ని కనుక్కోవాలి. వేరే గది ఉందా, ఇతర అమ్మాయిలు నేర్చుకుంటున్నారా, ఏదైనా ఇబ్బంది వస్తే ఎవరికి చెప్పాలి. 2020 జూన్‌లో బ్రిటన్, అమెరికా రెజ్లింగ్ రంగాల్లో తమపై జరిగిన వేధింపులని ఎంతోమంది మహిళలు బయటపెట్టారు. ఆ ప్రశ్నలు అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అమెరికాలో చదువుకుంటున్న తెలుగువాళ్లకి ఒక మాట. అక్కడ చాలా నగరాల్లో చిన్న స్కూళ్లున్నాయి, నేర్చుకోవడం తేలిక. కానీ స్టూడెంట్ వీసా మీద ఉండి మ్యాచ్‌కి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని పని కిందికి వస్తుంది. ముందు యూనివర్సిటీలో కనుక్కోండి.

రింగులో మొదటి నెల

బ్యాగులో టీషర్టు, ట్రాక్ ప్యాంటు, మోకాలి ప్యాడ్లు, మోచేతి ప్యాడ్లు, మౌత్‌గార్డు, మెత్తటి అడుగున్న రెజ్లింగ్ షూలు చాలు. రంగురంగుల డ్రెస్సు ఇప్పుడే కుట్టించుకోకండి. ఉంగరాలు, చెవిపోగులు, మెడలో గొలుసు, చేతి కడియం, తాయెత్తు అన్నీ తీసేయాలి. మొలతాడు సంగతి ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడుకోండి, ఎదుటివాడి వేలు అందులో ఇరుక్కుంటే ఇద్దరికీ ప్రమాదమే. గోళ్లు తీసుకోవాలి. సాధన అవగానే స్నానం చేయాలి, లేకపోతే తామర ఒకరి నుంచి ఒకరికి అంటుకుని స్కూలంతా తిరుగుతుంది.

రింగు పరుపులా ఉంటుందనుకునేవాళ్లకి మొదటి రోజే కళ్లు తెరుచుకుంటాయి. కింద ఇనుప ఫ్రేము, దాని మీద చెక్క పలకలు, పైన పల్చటి ఫోమ్, దాని మీద కాన్వాస్. టీవీలో వినిపించే ఆ పెద్ద చప్పుడు చెక్కలదే.

పడటాన్ని అక్కడ బంప్ అంటారు. వెనక్కి పడే బంప్ అన్నింటికీ పునాది. మొదట నిలబడి చేయరు. గొంతుక్కూర్చోండి. గడ్డాన్ని ఛాతీకి నొక్కి పెట్టండి. మధ్యలో మడిచిన రుమాలు పెట్టుకుని అది జారకుండా చూసుకుంటే అలవాటవుతుంది. చేతులు ఒంటికి సుమారు 45 డిగ్రీల కోణంలో చాచి, అరచేతులు కిందికి ఉంచండి. వెనక్కి వాలండి. వీపు పైభాగం, అరచేతులు, ముంజేతులు ఒకేసారి కాన్వాస్‌కి తగలాలి. తగిలే క్షణంలో ఊపిరి బయటికి వదలాలి. నడుము ముందు తగిలితే వెన్నుకి దెబ్బ. మోచేయి ముందు ఆనితే చేయి విరుగుతుంది. తల మాత్రం అసలు తగలకూడదు.

చదవడానికి తేలికే. చిక్కెక్కడంటే, వెనక్కి పడుతున్నప్పుడు చేతులు వెనక్కి పెట్టి ఆపుకోవాలని ఒళ్లు దానంతటదే ప్రయత్నిస్తుంది. పుట్టినప్పటి నుంచి ఉన్న ఆ అలవాటుని చెరిపేయడానికే వారాలు పడుతుంది. చదునుగా ఎంత ఎక్కువ భాగం తగిలితే దెబ్బ అంత పంచుకుపోతుంది, చప్పుడు కూడా అంత పెద్దగా వస్తుంది. ఒళ్లు నొప్పి భయానికి బిగుసుకుని, పక్కకి ఒరిగి, మెల్లగా పడదామనుకున్నవాళ్లకే ఎక్కువ దెబ్బలు తగులుతాయి. గొంతుక్కూర్చుని తప్పు లేకుండా పడగలిగాకే సగం లేచి, ఆ తర్వాతే నిలబడి. మర్నాడు మెడ పట్టేస్తే గడ్డం సరిగ్గా ఆనలేదని అర్థం. సంఖ్య పెంచకుండా తీరు సరిదిద్దుకోండి. అలసిపోయాక ఇంకో పది బంపులు అనే మాటకి లొంగొద్దు, దెబ్బలన్నీ ఆ చివరి పదిలోనే తగులుతాయి.

తర్వాత ముందుకి పడటం, అందులో ముఖం పక్కకి తిప్పి ముంజేతుల మీద పడాలి. ఆపైన పక్కకి పడటం, గాల్లో తిరిగి పడటం. ఇవన్నీ వచ్చేదాకా ఎవరైనా ఎత్తుతానంటే ఒప్పుకోకండి.

తాళ్లకి పరిగెత్తడం కూడా ఇప్పుడే మొదలవుతుంది. చాలా రింగుల్లో అవి తాళ్లు కావు, రబ్బరు గొట్టంలో దూర్చిన ఇనుప కేబుళ్లు. మొదటి వారం చంక కింద నుంచి పక్కటెముకల దాకా నల్లగా కమిలిపోతుంది. వెనక్కి తిరిగి వీపుని ఆనించేటప్పుడు పై తాడుని ఒక చేత్తో పట్టుకోవడం మర్చిపోవద్దు. తాడు వదులైతే బయటికి పడకుండా కాపాడేది ఆ చేయే. అవతలి పక్కకి చేరడానికి సాధారణంగా మూడు అంగలు. దీన్ని కళ్లు మూసుకుని చేయగలిగేదాకా చేయిస్తారు.

ఎదుటివాడి ఒళ్లు మీ చేతిలో

మ్యాచ్ ఎక్కువగా ఒక పట్టుతో మొదలవుతుంది. ఎడమ చేయి ఎదుటివాడి మెడ వెనక, కుడి చేయి అతని మోచేతి దగ్గర. అతనూ మిమ్మల్ని అలాగే పట్టుకుంటాడు. అమెరికా, యూరప్, జపాన్‌లలో పట్టులన్నీ ఎదుటివాడి ఎడమ వైపుకి వేస్తారు. మెక్సికోలో లూచా లిబ్రే అనే అక్కడి రెజ్లింగ్‌లో కుడి వైపుకి. ఈ నియమం వల్లే ఎప్పుడూ కలవని ఇద్దరు వేర్వేరు దేశాలవాళ్లు కూడా గందరగోళం లేకుండా ఆడగలరు.

ఎత్తి పడేయడంలో పడేవాడు కూడా ఎగిరి సాయం చేస్తాడు. లేకపోతే 90 కిలోల మనిషిని రాత్రికి ఆరుసార్లు ఎత్తడం ఎవరి వల్లా కాదు. ఎత్తినవాడి పని అతన్ని వీపు చదునుగా ఆనేలా దించడం. మీరు ఎత్తిన మనిషి మెడకి పూచీ మీది. కొత్తవాళ్ల గురించి లాకర్ రూమ్‌లో ముందు చెప్పుకునేది ఇదే. "వాడితో భయం లేదు" అన్న పేరొస్తే మీకు పని దొరుకుతుంది. "వాడి చేతులు బరువు" అన్నారంటే ఎన్ని పల్టీలు వచ్చినా మీతో ఆడటానికి ఎవరూ ముందుకి రారు.

రింగులో తర్వాతి పట్టు ఏమిటో మెల్లగా చెప్పుకుంటారు, పట్టు మధ్యలో చేయి నొక్కి బాగానే ఉన్నావా అని అడుగుతారు. జవాబుగా మీరూ నొక్కాలి. రిఫరీ రెండు చేతులూ తల పైన ఇంటూ గుర్తులా పెట్టాడంటే దెబ్బ నిజంగా తగిలిందని లోపలివాళ్లకి సంకేతం. అది చూశాక కథ గురించి ఆలోచించకండి, దూరం జరగండి.

మైకు, వేషం

చాలామంది కసరత్తుకి ఇచ్చిన దాంట్లో పదో వంతు కూడా దీనికి ఇవ్వరు. జనం టికెట్ కొనేది మీరెవరో తెలిసి, మీ మీద ప్రేమో కోపమో ఉంటేనే. బడిలో దుర్యోధనుడి ఏకపాత్రాభినయం వేసినవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. విలన్‌ని అక్కడ హీల్ అంటారు, మంచివాణ్ణి బేబీఫేస్ అంటారు. కొత్తవాళ్లకి హీల్ పాత్ర రావాలని కోరుకోండి. మ్యాచ్ వేగం ఎక్కువగా వాళ్ల చేతిలోనే ఉంటుంది, త్వరగా నేర్చుకుంటారు. రోజూ ఫోన్ ముందు ఒక నిమిషం మాట్లాడి రికార్డు చేసుకోండి. ముందు తెలుగులో. మాతృభాషలో కోపం రానివాడికి హిందీలో, ఇంగ్లీషులో అసలే రాదు.

పెద్ద సంస్థలు మైకు, ముఖం చూసి కూడా మనుషుల్ని తీసుకుంటాయి. డబ్ల్యూడబ్ల్యూఈ 2018లో ఇద్దరు భారతీయుల్ని ఒర్లాండోలోని తన శిక్షణ కేంద్రానికి తీసుకుంది. వాళ్లలో రింకూ సింగ్ అమెరికాలో బేస్‌బాల్ ఆడినవాడు, సౌరవ్ గుర్జర్ టీవీ సీరియల్లో భీముడి వేషం వేసినవాడు. 2019లో అదే సంస్థ ముంబయిలో ఎంపికలు పెట్టింది. అలాంటి ప్రకటన వచ్చాక తయారవడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

డబ్బు, ఇల్లు

మొదటి ఏడాది రెండేళ్లు దారి ఖర్చులు వస్తే గొప్ప. ఉద్యోగం, చదువు వదిలి వెళ్లొద్దనే నా గట్టి అభిప్రాయం. డిగ్రీ పూర్తి చేయండి, ఏడాది ఖర్చు చేతిలో పెట్టుకోండి, మీ ఆరోగ్య బీమా ఇలాంటి దెబ్బలకి వర్తిస్తుందో లేదో పాలసీ కాగితం చదివి తెలుసుకోండి. ఇంట్లో చెప్పేటప్పుడు కల గురించి తక్కువ, లెక్క గురించి ఎక్కువ మాట్లాడండి. ఎన్నాళ్లు, ఎంత ఖర్చు, కుదరకపోతే ఏం చేస్తారు. నాన్నగారు వినేది ఆ మూడే.

మొదటి మ్యాచ్ రోజు

అందరికన్నా ముందు చేరుకోండి. గదిలో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి చేయి కలిపి పేరు చెప్పుకోండి, రిఫరీతో, రింగు బిగించే కుర్రాళ్లతో సహా. తర్వాత మీరూ వెళ్లి చెక్కలు మోయండి. మీ మ్యాచ్ ఐదారు నిమిషాలే ఉంటుంది, దానికి నాలుగు పట్టులు చాలు. నేర్చుకున్నవన్నీ చూపించాలనుకుంటే అన్నీ హడావుడిగా అయిపోతాయి. గుర్తు తప్పితే కంగారు పడకుండా తల పట్టు వేసి, మెల్లగా ఎదుటివాణ్ణే అడగండి. మీ మ్యాచ్ అయ్యాక అతని దగ్గరికి వెళ్లి ఎక్కడైనా గట్టిగా తగిలిందా అని అడిగి, థాంక్స్ చెప్పండి. సీనియర్ ఎవరైనా మీ మ్యాచ్ చూశారేమో కనుక్కుని, ఏం తప్పు చేశానో చెప్పమనండి. చెప్పింది అక్కడే ఫోన్‌లో రాసుకోండి. షో అయిపోగానే సెల్ఫీలు దిగి బయల్దేరకండి, రింగు విప్పి లారీకి ఎక్కించే పని ఇంకా ఉంటుంది. దానికి ఆగని కొత్తవాణ్ణి తర్వాతి షోకి పిలవరు.